మెరుపు పోలేదు... దాక్కుంది!

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తుంటే, అడవి మొదలయ్యే చోట ఏదో ఒక చెట్టు కింద పాత జీపు కనిపిస్తుంది. నంబరు ప్లేటు మీద ఇంకా 'ఏపీ 20' అనే ఉంటుంది. 2014లో రాష్ట్రం మారింది, చింతూరు వైపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. జీపు మాత్రం సంతకు జనాన్ని మోస్తూనే ఉంది. ఒకప్పుడు మోదుగుపూవులా ఎర్రగా నిగనిగలాడిన బండి, ఇప్పుడు వెలిసిపోయిన చీరలా ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే అరచేతికి సున్నంలా పొడి అంటుకుంటుంది.

'ఇక మళ్లీ రంగు వేయించాల్సిందే' అంటారు చూసినవాళ్లు. తొందరపడకండి! ఆ పొడి కిందే అసలు రంగు ఉండొచ్చు.

ఎండ తినేది జిగురునే!

వాహనాల రంగులో ముఖ్యంగా రెండుంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి. రెండోది ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పైపైన ఉన్న జిగురును విరగ్గొడతాయి. దాంతో పొడికి పట్టు పోతుంది. నున్నగా ఉండాల్సిన ఉపరితలం గరుకుగా తయారవుతుంది. దానిమీద పడిన వెలుగు అద్దంలో లాగా తిరిగిరాక చెల్లాచెదురవుతుంది. అందుకే కళ తప్పినట్టు కనిపిస్తుంది. ఎండాకాలంలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎలా మండిపోతుందో చెప్పక్కర్లేదు కదా. దానికి బొగ్గు దుమ్ము, పిట్టల రెట్టలు, చెట్ల బంక తోడు.

మన పెయింటర్లు ఇప్పటికీ 'డ్యూకో' అంటుంటారు. అది 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కారు రంగు పూర్తయి ఆరడానికి వారాలు పట్టేది. డ్యూకోతో ఆ పని ఎంతో త్వరగా అయిపోయింది. తర్వాత ఎనామిల్ రంగులొచ్చాయి. ఏదైనా పద్ధతి ఒకటే... రంగే పైపూత. దానిమీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు వేయడం 1980ల నుంచే ప్రపంచమంతా ఊపందుకుంది. పాత అంబాసిడర్లు, జీపులు, స్కూటర్లు చాలావరకూ క్లియర్ కోటు లేనివే.

గుడ్డ చెప్పే నిజం

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం తేలికే. తెల్లని నూలుగుడ్డ మీద కాస్త పాలిష్ వేసి, కంటపడని ఓ మూల రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే క్లియర్ కోటు లేనట్టే. తెల్లబండి అయితే నల్లగుడ్డ వాడాలి. రంగు అంటకుండా, పైన పొరలు పొరలుగా లేస్తుంటే అది క్లియర్ కోటు పాడైన బండి. దాన్ని ఎంత రుద్దినా లాభం లేదు. అసలు రంగు ఎలా ఉండేదో చూడాలంటే తలుపు తెరిచి, ఎండ తగలని లోపలి అంచు చూడండి.

ఒక్క మాట మరవొద్దు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. చాలా బండ్లకు రంగు పూత అంతకన్నా పల్చన! రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. మెరుపు కోసం మనం ఖర్చుపెడుతున్నది ఆ రంగునే. అది అయిపోతే బయటపడేది ప్రైమరే.

నిదానమే ప్రధానం

ముందు నీడలో, బానెట్ చల్లబడ్డాక షాంపూ నీళ్లతో కడగాలి. బంక చుక్కల్ని గోటితో గీకకుండా నానబెట్టి తీయాలి. తర్వాత నూనెపాలు ఎక్కువుండే, గరుకులేని పాలిష్‌ను చేత్తో దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేయాలి. ఎండి బీటలువారిన పొలానికి తడిపెట్టినట్టే ఇది. పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిస్తే చచ్చిన పొడి చాలావరకూ వచ్చేస్తుంది. గుడ్డ మడతలు మారుస్తూ ఉండాలి. లేదంటే తీసిన పొడినే మళ్లీ పూసినట్టవుతుంది.

అప్పటికీ మసకగా ఉన్నచోట మాత్రమే సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్ వాడాలి. అంచులు, మడతల దగ్గర రంగు మరీ పల్చన కాబట్టి అక్కడ చెయ్యి తేలిగ్గా ఆడాలి. అనుభవం లేనివాళ్లు మిషన్ జోలికి పోకపోవడమే మేలు. పాత ఎరుపు, పసుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకే వాటర్ పేపర్ వాడాల్సివస్తే తడిపే రుద్దాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పోయేది పెయింటర్ ఊపిరితిత్తుల్లోకే.

చివరగా మైనం పూత. ఇదే ముఖ్యం. క్లియర్ కోటు లేని రంగుకు కాపలా ఇదొక్కటే. రెండు మూడు నెలలకోసారి మళ్లీ పట్టించాలి.

కిరసనాయిలు గుడ్డతో తుడిచే అలవాటు ఉంటే మానేయండి. ఆ తళతళ ఒక్కరోజు ముచ్చటే. సాయంత్రానికి దారిలోని దుమ్మంతా దానికే అంటుకుంటుంది. సిలికాన్ కలిసిన పాలిష్‌లతోనూ జాగ్రత్త. రేపెప్పుడైనా కొత్త రంగు వేయిస్తే అది సరిగ్గా పట్టక చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

ఎప్పుడు వదిలేయాలి?

రంగు బీటలు వారినా, తుప్పు పైకి ఉబికినా, ప్రైమర్ కనిపించినా పాలిష్‌తో పనికాదు. అప్పుడు పెయింటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ అంతదాకా రాని బండ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు, కంపెనీ వేసిన మొదటి రంగు మాత్రం మళ్లీ రాదు. పాత కార్లు సేకరించేవాళ్లు విదేశాల్లో ఆ మొదటి రంగుకే ఎక్కువ విలువ కడతారు.

నాన్న కొన్న జీపో, పెళ్లికి ఇచ్చిన స్కూటరో మీ ఇంటి చూరు కింద వెలవెలబోతూ ఉందా? ఈ ఆదివారం ఓ తెల్లగుడ్డ తీసుకుని పక్కన కూర్చోండి. ఆ గుడ్డకు రంగు అంటిందంటే, దిగులుపడకండి. బండికి ఇంకా ప్రాణం ఉన్నట్టే!