ఉక్కు తెగే ముందు లోపల ఏం జరుగుతుంది?

"ఉన్నట్టుండి తెగిపోయింది" అంటూ ఉంటాం. లోహాల విషయంలో ఈ మాట అన్నిసార్లూ నిజం కాదు. గాజులా పెళుసుగా పగిలేవి కొన్ని. మెత్తని ఉక్కు, రాగి, అల్యూమినియం వంటివి బాగా సాగి, ఆ తర్వాతే తెగుతాయి. లోహాలను పరీక్షించే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఈ తెగడాన్ని చాలాసార్లు దగ్గరగా చూశాను.

ఉక్కు కడ్డీని యంత్రంలో రెండు కొసలా పట్టి లాగితే ముందు పొడవు సాగుతుంది. తర్వాత ఒకచోట నడుము సన్నబడి, అక్కడే తెగుతుంది. ఒక ముక్క కొస చిన్న గిన్నెలా, రెండోది అందులో ఇమిడే మొగ్గలా ఉంటుంది. గిన్నె అడుగును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, విరిచిన ఇడ్లీలో కనిపించినట్టు అన్నీ గుంటలే. కొన్ని గుంటల్లో చిన్న రేణువు కూడా ఉంటుంది.

గుట్టంతా ఆ రేణువులో ఉంది. ఉక్కును ఎంత శుద్ధి చేసినా మాంగనీసు సల్ఫైడు వంటి మలినాలు కొద్దిగా మిగులుతాయి. లాగినప్పుడు చుట్టూ ఉన్న లోహం సాగుతుంది; రేణువు అంతగా సాగలేదు. అది పగిలో, లోహం నుంచి ఊడో ఒక ఖాళీ పుడుతుంది. ఖాళీ పెరుగుతుంది. పక్కపక్క ఖాళీల మధ్య గోడలు పలచబడి తెగి, అన్నీ ఒకటవుతాయి. అదే బీట.

దీన్ని ముందే లెక్క కట్టగలమా? 1969లో రైస్, ట్రేసీ ఒక్క ఖాళీ ఎంత వేగంగా పెరుగుతుందో గణితంలో చూపారు. లాగుడు ఒక్క దిక్కుగా కాక అన్ని దిక్కులా ఉంటే ఆ వేగం విపరీతంగా పెరుగుతుంది. నున్నని కడ్డీగా బాగా సాగే ఉక్కు, గాడి పడినచోట త్వరగా తెగేది అందుకే. 1977లో గర్సన్ లోహంలో ఖాళీల వంతునే బలం లెక్కలోకి తెచ్చాడు. 1984లో ట్వెర్‌గార్డ్, నీడిల్‌మన్ ఖాళీలు కలిసిపోయే దశను చేర్చారు. వారి లెక్కలో ఖాళీల వంతు సుమారు 15 శాతం దాటితే బలం చకచకా పడిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, విద్యుత్ కేంద్రంలో పెద్ద గొట్టానికి బీట కనిపిస్తే దాన్ని ఉంచాలా, మార్చాలా తేల్చాలి. ప్రతి గొట్టాన్నీ తెంపి చూడలేం. చిన్న ముక్కను పరీక్షించి, ఆ కొలతలతో కంప్యూటరులో పెద్దదాని సంగతి చెప్పుకోవాలి.

ఆ జోస్యం ఎంత నమ్మదగినది? అమెరికాలో సాండియా ప్రయోగశాల 2012లో ఒక పరీక్ష పెట్టింది. రంధ్రాలున్న స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క ఎలా తెగుతుందో ఫలితం చూడకుండా చెప్పమంది. 13 బృందాలు ప్రయత్నించాయి. జవాబుల్లో చాలా తేడాలొచ్చాయి. అసలు ముక్కలు కూడా అన్నీ ఒకే దారిన తెగలేదు. రంధ్రాల స్థానంలో స్వల్ప తేడాలే బీట దారిని మార్చాయి. కోత బలం ఎక్కువైనచోట గర్సన్ సూత్రం సరిపోదని తెలిసి, 2008లో నాషాన్, హచిన్సన్ దాన్ని సవరించారు. అందుకే మా పనిలో కంప్యూటరు జవాబు పక్కన తెగిన ముక్క కూడా ఉండాల్సిందే.

ఈసారి మీ ఇంట్లో ఏ బోల్టో తెగితే పారేయకుండా చూడండి. తెగినచోట సన్నబడి, మసకగా, పీచులా ఉంటే అది సాగి తెగింది. బల్లపరుపుగా, మెరిసే పలుకుల్లా ఉంటే పెళుసుగా విరిగింది. మొదటిది ముందే హెచ్చరించి ఉంటుంది. రెండోదానికి ఆ అలవాటు లేదు.