పేరు తప్పితే దారి తప్పినట్లే!
ఇంటి నెట్‌కు ‘డీఎన్‌ఎస్’ ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు

తిరుపతి: శ్రీవారి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శన టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే సమయాన తెరపై పేజీ కదలకపోతే ఎవరికైనా ఆందోళన సహజం. అలాంటప్పుడు ‘డీఎన్‌ఎస్ మార్చి చూడండి’ అనే సలహా వినిపిస్తుంటుంది. అసలు ఈ డీఎన్‌ఎస్ అంటే ఏమిటి? దానిని ఎప్పుడు మార్చాలి? మార్చితే ఒనగూరేదేమిటి? ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు ఒకే కనెక్షన్‌పై పనిచేస్తున్న ఈ రోజుల్లో ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన విషయమిది.

అంతర్జాలానికి చిరునామా పుస్తకం
మనం వెబ్‌సైట్‌ను పేరుతో పిలుస్తాం. యంత్రాలు మాత్రం ఒకదానినొకటి అంకెలతో గుర్తిస్తాయి. పేరు చెబితే అంకెల చిరునామాను వెదికి ఇచ్చే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్. అమెరికాకు చెందిన పాల్ మోకాపెట్రిస్ 1983లో దీనికి రూపకల్పన చేశారు. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆ సంస్థ డీఎన్‌ఎస్ సర్వరే మన రూటర్‌లోకి దానంతటదే చేరుతుంది. ఎవరూ వేలు పెట్టకపోతే ఇంటిల్లిపాదికీ అదే దారి చూపుతుంది.

వేగం పెరుగుతుందా?
పేరు వెదకడానికి పట్టేది సెకనులో స్వల్ప భాగమే. ఒకసారి తెలిసిన చిరునామాను కంప్యూటర్ కొంతసేపు గుర్తుంచుకుంటుంది కూడా. దర్శన టికెట్ల వేళ లక్షల మంది ఒకేసారి తాకడంతో రద్దీ ఏర్పడేది ఆ వెబ్‌సైట్ వద్దే. కాబట్టి డీఎన్‌ఎస్ మార్చినంత మాత్రాన టికెట్ ముందుగా దొరకదు.

అయితే కనెక్షన్ బాగానే ఉండి, డీఎన్‌ఎస్ సర్వర్ మాత్రమే మొరాయించే సందర్భాలు ఉంటాయి. దీనిని కనిపెట్టడం సులభం. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పింగ్ 8.8.8.8’ అని ఆదేశమివ్వాలి. జవాబు వస్తూ, ఏ వెబ్‌సైటూ పేరుతో తెరుచుకోకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉన్నట్లే. మార్పు అవసరమయ్యేది అప్పుడే.

ఎవరిని ఎంచుకోవాలి?
ఉచితంగా లభించే సేవలు పలు ఉన్నాయి. గూగుల్ 2009లో ప్రారంభించిన సేవ అంకెలు 8.8.8.8, 8.8.4.4. క్లౌడ్‌ఫ్లేర్ 2018లో తెచ్చినవి 1.1.1.1, 1.0.0.1. హానికర సైట్లుగా గుర్తించిన వాటిని అడ్డుకునే క్వాడ్‌నైన్ సేవ అంకెలు 9.9.9.9, 149.112.112.112. పిల్లలున్న ఇళ్లలో అశ్లీల సైట్లను కూడా వడకట్టాలనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3, 1.0.0.3 ఉపకరిస్తాయి.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఎవరి డీఎన్‌ఎస్ వాడితే వారికి మన ఇంటి నుంచి ఏయే వెబ్‌సైట్లను కోరుతున్నామో తెలుస్తుంది. అందుచేత పేరూ ఊరూ తెలియని అంకెలను ఎవరో చెప్పారని పెట్టుకోరాదు. మొదటి స్థానంలో వడకట్టే సేవను, రెండో స్థానంలో మామూలు సేవను ఉంచడమూ సరికాదు. కంప్యూటర్ ఆ రెండింటిలో దేనినైనా అడగవచ్చు. రెండూ ఒకే సేవకు చెందినవై ఉండాలి.

మార్చే విధానం
బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే సాధారణంగా రూటర్ పేజీ తెరుచుకుంటుంది. వివరాలు రూటర్ అడుగున అంటించిన చీటీపై ఉంటాయి. డీహెచ్‌సీపీ లేదా ఇంటర్నెట్ విభాగంలో ప్రైమరీ, సెకండరీ డీఎన్‌ఎస్ గడులు కనిపిస్తాయి. పాత అంకెలను కాగితంపై రాసుకున్న తరువాతే కొత్తవి నింపి, సేవ్ చేసి, రూటర్‌ను ఆపి తిరిగి వెలిగించాలి. కొన్ని సంస్థలు ఇచ్చే రూటర్లలో ఈ మార్పునకు వీలుండదు. అప్పుడు ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. ఐపీవీ6 కూడా పనిచేస్తున్న ఇళ్లలో దానికి చెందిన డీఎన్‌ఎస్‌నూ మార్చకపోతే పాత దారే కొనసాగవచ్చు.

పాస్‌వర్డే తాళం
రూటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయడం ప్రమాదకరం. లోపలికి చొరబడినవారు డీఎన్‌ఎస్ అంకెలు మార్చితే, సరైన పేరు కొట్టినా నకిలీ సైటుకు చేరే అవకాశముంది. ‘డీఎన్‌ఎస్ ఛేంజర్’ అనే వైరస్ ఇదే పని చేసి 100కు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లను దారి మళ్లించింది. ఈ కేసులో 2011 నవంబరులో ఎస్టోనియాలో ఆరుగురు అరెస్టయ్యారు. తెలిసిన సైటు తెరిచినప్పుడు బ్రౌజర్ భద్రతా హెచ్చరిక చూపితే ముందుకు సాగక ఆగిపోవాలి.

చుక్కకు, గీతకు తేడా చూడాలి
డీఎన్‌ఎస్ ఎంత మంచిదైనా మనం అడిగిన పేరుకే చిరునామా ఇస్తుంది. పేరే తప్పయితే చేరేదీ తప్పు చోటికే. ఇందుకు తిరుమలే ఉదాహరణ. 2023 ఏప్రిల్‌లో ఓ నకిలీ వెబ్‌సైట్‌పై తితిదే ఐటీ విభాగం ఫిర్యాదు మేరకు తిరుమల వన్‌టౌన్ పోలీసులు కేసు నమోదు చేశారు. అంతకుముందు గుర్తించిన 40 నకిలీలకు తోడు అది 41వది. నాటి అసలు పేరు ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్’. నకిలీలో చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, చివర ‘డాట్ ఓఆర్‌జీ’ చేర్చారు.

పేరును కుడి నుంచి ఎడమకు చదవడమే దీనికి విరుగుడు. ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’తో ముగిసే పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ‘డాట్ ఓఆర్‌జీ’తో ముగిసే పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. నకిలీ సైటుకూ తాళం గుర్తు ఉండవచ్చు కనుక దానిని చూసి నమ్మరాదు. 2024 జనవరిలో తితిదే తన వెబ్‌సైట్ పేరును ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్’గా మార్చింది. ఈ పేరును బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే తెరవడం క్షేమం. పొరపాటున నకిలీ సైటులో సొమ్ము చెల్లిస్తే జాప్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.