గండిగుంట భీముడు

గన్నవరం సెంటర్లో నిలబడి ఉత్తరంగా పోతే నూజివీడు, దక్షిణంగా దిగితే ఉయ్యూరు. ఒక దారిలో కీచకుడు పుట్టాడు, రెండో దారిలో భీముడు పుట్టాడు. నవ్వకండి! 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చూచినవారికి సంగతి బోధపడే వుంటుంది. కీచకుడు వేసిన ఎస్.వి. రంగారావు జన్మించింది నూజివీడులో. ఆ కీచకుణ్ణి చంపిన భీముడు దండమూడి రాజగోపాలరావు. ఉయ్యూరు పక్కన గండిగుంట ఆయన స్వగ్రామం. బృహన్నలది నిమ్మకూరని వేరే చెప్పాలా? విరాటుడి కొలువు సగం కృష్ణాజిల్లాదే!

రంగారావుగారి సంగతీ, రామారావుగారి సంగతీ ఇంటింటా తెలుసు. ఆ భీముడెవరో మాత్రం చాలామంది ఎరగరు. వేషం కోసం కండలు పెంచిన మనిషి కాదాయన. కండలు ముందు, వేషం తరువాత.

మన పల్లెల్లో రాతిగుండు ఎత్తే మొనగాళ్ళకు ఎన్నడూ కొదవ లేదు. కాని పోటీలో బరువెత్తడం వేరు. ఆ రోజుల్లో మూడు విధాలుగా ఎత్తాలి. ఇనుపకడ్డీని భుజాల దాకా తెచ్చి, మోకాళ్ళ సాయం లేకుండా చేతుల బలంతోనే తలపైకి నెట్టడం ఒకటి. నేలమీంచి ఒక్క ఊపులో తలపైకి లాగడం రెండోది. భుజాల మీద ఆపి, కాళ్ళ ఊపుతో పైకి విసిరి నిలపడం మూడోది. మొదటి పద్ధతిలో నడుము వెనక్కి వంచే మోసాన్ని పట్టుకోలేక 1972 తరువాత దాన్ని తీసేశారు. రాజగోపాలరావుగారి కాలంలో మూడూ ఎత్తవలసిందే.

స్వతంత్ర భారతం మొదటిసారి ఒలింపిక్సుకు వెళ్ళింది 1948లో, లండనుకు. హెవీవెయిట్ తరగతిలో మన పక్షాన నిలిచిన వాడు ఈ గండిగుంట బిడ్డ. బంగారు పతకం అమెరికా వీరుడు జాన్ డేవిస్‌కు పోయింది. మూడు విధాలూ కలిపి అతనెత్తింది 452.5 కిలోలు! మన జనం కళ్ళేమో హాకీ మీద వున్నాయి. బ్రిటనును 4–0తో ఓడించిన ఆనందంలో బరువులెత్తినవాణ్ణి తలచుకునే తీరిక ఎవరికుంది? మూడేళ్ళకు, 1951లో, ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఈసారి ఆయన కాంస్య పతకంతో తిరిగి వచ్చారు. ‘ఆంధ్ర భీమ’ అన్న పిలుపు ఆయనకు దక్కింది.

పిలుపు దక్కితే పొయ్యిలో పిల్లి లేస్తుందా? ఆనాటి ఆటగాడికి పతకం వచ్చిన నాడు పూలదండ. మరునాటి నుంచి ఎవరి బ్రతుకు వారిది. వయసు నలభై దాటితే ఇనుము మాట వినదు. అప్పుడు ఆ శరీరాన్ని ఏం చేసుకోవాలి?

రాజగోపాలరావుగారికి జవాబు సినిమాలో దొరికింది. ‘నర్తనశాల’ నాటికి ఆయనకు నలభై ఏడేళ్ళ ప్రాయం. పైగా వచ్చిన వేషం ఎటువంటిది? బలమంతా దాచుకుని, వలలుడనే పేరుతో వంటశాలలో గరిటె తిప్పే భీముడు! నాకైతే కీచకుడితో పోరు కంటే ఆ ఓర్పే ఎక్కువ నచ్చింది. నిజంగా బలమున్నవాడికి అబద్ధపు దెబ్బ కొట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. ఎదుట వున్నది రంగారావుగారాయె!

1981లో ఆయన కన్నుమూశారు. బెజవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అక్కడ పిల్లలు బాడ్మింటన్ ఆడుతుంటారు. వాళ్ళు కొట్టే బంతి బరువు అయిదు గ్రాములు.