లోతు సముద్రంలో చేపల వేట: కొన్ని మెలకువలు

దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్.బి.నగర్‌లో ఉన్నవారికి సముద్రపు వేట సంగతులు ఎందుకని మీరు అనుకోవచ్చు. నిజమే, విశాఖపట్నం రేవు ఇక్కడికి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాని విజయవాడ రోడ్డు ఎల్.బి.నగర్ కూడలి మీదుగానే గదా నగరంలోకి వస్తుంది! ఆ దారిన కోస్తా నుంచి వచ్చిన వంజరం చేప దిల్‌సుఖ్‌నగర్‌లో మీ సంచిలో పడుతుంది. అది మంచిదా, చెడ్డదా అన్నది చాలావరకు సముద్రం మీదే తేలిపోతుంది. అందుచేత వేటాడేవారూ, కొని తినేవారూ ఈ సంగతులు తెలుసుకోవలెను.

మొదటిది, చేప ఉన్న చోటు తెలియడం. చోటు తెలియకుండా మరబోటు తిప్పితే డీజిలు ఖర్చు తప్ప మిగిలేదేమీ ఉండదు. ఈ చోటు చెప్పే సంస్థ మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉన్నది. దానిని ఇన్‌కాయిస్ అంటారు. ఉపగ్రహాల సాయంతో సముద్రపు పైనీటి వేడినీ, రంగునూ వీరు గమనిస్తారు. వెచ్చని నీరూ చల్లని నీరూ కలిసే చోట కంటికి ఆనని నాచు పెరుగుతుంది. దానికోసం సన్నజీవులు, వాటికోసం చిన్న చేపలు, వాటి వెంట పెద్ద చేపలు చేరతాయి. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో వల వేయవచ్చునో తెలుగులోనే తెలియజేస్తారు. ఆ చోటు రోజురోజుకూ మారుతుంది. కాబట్టి నిన్నటి కబురు నమ్ముకొని నేడు బయలుదేరరాదు.

రెండవది, ప్రాణరక్షణ. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో వేటకు వెళ్లిన ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు. వాయుగుండం కబురు వింటే, వల సగమే నిండినా సరే, సరంగు బోటును ఒడ్డుకు తిప్పవలసిందే. మనిషికొక లైఫ్ జాకెట్టు, పనిచేసే వైర్‌లెస్ సెట్టు లేనిదే రేవు దాటవద్దు. ఆపదలో వైర్‌లెస్ 16వ ఛానెల్‌లో పిలవాలి. ఒడ్డున ఉన్నవారు 1554కు ఫోను చేస్తే తీరరక్షక దళం పలుకుతుంది. ఎన్ని రోజులకు, ఎటు వెళుతున్నదీ ఇంటివారికి చెప్పి వెళ్లండి.

మూడవది, ఐసు. కిలో చేపకు కిలో ఐసు చొప్పున తీసుకువెళ్లాలి. ఐసును నలగ్గొట్టి అడుగున ఒక వరస, దానిపైన చేప, మళ్లీ ఐసు, ఇలా పేర్చాలి. కరిగిన నీరు నిలవ ఉండకుండా కిందికి పోయే దారి ఉండవలెను. పట్టిన చేపను ఎండలో డెక్కు మీద వదలరాదు. ట్యూనా అని మనం పిలిచే సూర చేపను పట్టీపట్టగానే రక్తం తీసి, మొప్పలూ పేగులూ తొలగించి, ఐసులో పెట్టాలి. చల్లదనం తప్పితే సూర, కానాగడత వంటి చేపల కండలో ఒక విషపదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి.

నాలుగవది, విరామం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. అది ఎన్నో చేపలు గుడ్లు పెట్టే కాలం. విత్తనపు గింజలు వండుకు తిన్న రైతుకు మరుసటి పంట ఎక్కడిది? ఆ రోజుల్లో ఇంజను, వలలు బాగుచేసుకోండి.

ఇక కొనేవారికి ఒక మాట. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. ఐసు లేకుండా బల్లమీద ఎండుతున్న చేపను చవకని కొనకండి. "ఐసులో ఉన్నదే ఇవ్వు నాయనా" అని మీరు పట్టుబడితే, ఆ మాట బేరగాడి ద్వారా రేవుదాకా పోతుంది. ఐసుకు పెట్టిన డబ్బు దండగ కాదని సరంగుకు అప్పుడే నమ్మకం కుదురుతుంది.