కడుపులోని బిడ్డ బరువెంత?

మన కుటుంబాలు నాలుగు కలిసిన చోట, అది రియాద్ అయినా, జెద్దా అయినా, దమ్మామ్-ఖోబర్ వైపు అయినా, నెలలు నిండిన ఇల్లాలు ఒకరుంటే మాటలు తిరిగి తిరిగి బిడ్డ బరువు దగ్గరికి వస్తాయి. "స్కానింగులో మూడు కిలోల ఎనిమిది వందలన్నారట, ఆపరేషన్ తప్పదట." రాత్రికల్లా ఈ వార్త గుంటూరుకో కరీంనగరుకో చేరుతుంది. అక్కడ అమ్మమ్మగారికి నిద్ర ఉండదు. పురుడు ఇక్కడా, అక్కడా? అత్తగారికి వీసా ఎప్పటికి వస్తుంది? అల్లుడుగారికి సెలవు దొరుకుతుందా? ఇన్ని ఆలోచనలకూ ఆధారం కాగితం మీది ఒక్క అంకె. ఆ అంకె ఎలా పుడుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో మన సభ్యులు తెలుసుకోవడం అవసరమని మేము అనుకుంటున్నాము.

స్కానింగు యంత్రం బిడ్డను తూచదు. తూచే సాధనం దానిలో లేనే లేదు. అది చేసేదల్లా కొలవడం: తల అడ్డం కొలత, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు. ఈ కొలతలను ఒక సూత్రంలో వేస్తే గ్రాములు వస్తాయి. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ 1958లో శబ్ద తరంగాలతో కడుపు లోపలి బొమ్మ చూపించిన తరువాత, లండన్‌లో స్టూవర్ట్ కాంప్‌బెల్, విల్కిన్ 1975లో బిడ్డ పొట్ట చుట్టుకొలత నుంచి బరువు లెక్కగట్టే పద్ధతి చెప్పారు. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఫ్రాంక్ హాడ్‌లాక్ బృందం ఇచ్చిన సూత్రాలు నేటికీ ప్రపంచమంతటా యంత్రాలలో నడుస్తున్నాయి. చాలామంది తల్లుల రిపోర్టులో "హాడ్‌లాక్" అనే మాట కనిపించేది అందుకే.

ఈ కొలతల్లో బరువును ఎక్కువగా శాసించేది పొట్ట చుట్టుకొలత. బిడ్డకు కొవ్వు చేరేదీ, కాలేయం పెరిగేదీ అక్కడే కదా. బిడ్డ వంకరగా తిరిగి ఉన్నా, ఉమ్మనీరు తక్కువగా ఉన్నా, కొలిచేవారు గీత కాస్త ఏటవాలుగా గీసినా ఆ కొలత మారుతుంది, దానితో గ్రాములూ మారుతాయి. మంచి యంత్రం, మంచి చెయ్యి రెండూ కుదిరినా 10 నుంచి 15 శాతం వరకు అటూ ఇటూ కావడం మామూలే. పైన చెప్పిన 3,800 గ్రాములనే తీసుకోండి. 10 శాతం తేడా అంటే పుట్టే బిడ్డ 3,420 కావచ్చు, 4,180 కావచ్చు. 15 శాతం అయితే 3,230 నుంచి 4,370 దాకా. బిడ్డ నిజంగా పెద్దదైన కొద్దీ అంచనా ఇంకా తప్పుతుంది. ఎనిమిదో నెల దాటాక బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. అంటే రెండు మూడు వారాల పెరుగుదల ఎంతో, లెక్కలో దొర్లగల తేడా కూడా అంతే! ఇవాళ ఒక చోట, నాలుగు రోజులకు ఇంకో చోట స్కానింగు తీయించి "తగ్గింది, పెరిగింది" అని కంగారు పడే వారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పెరుగుదల తెలియాలంటే రెండు స్కానింగుల మధ్య కనీసం రెండు వారాలైనా ఉండాలి.

యంత్రాలు లేని రోజుల్లో మన మంత్రసాని చేత్తో పొట్ట తడిమి చెప్పేది. జర్మనీలో లియోపోల్డ్ అనే వైద్యుడు పంతొమ్మిదో శతాబ్దం చివర ఆ తడమడాన్నే నాలుగు పద్ధతులుగా క్రమబద్ధం చేశాడు. నర్సులు ఇప్పటికీ నేర్చుకుంటారు. ఇక మామూలు టేపు ఉంది. ఆరో నెల నుంచి తొమ్మిదో నెల వరకు, పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా ఎన్ని సెంటీమీటర్లో సుమారుగా అన్ని వారాలు. నెలలు నిండాక ఆ కొలతలోంచి 12 తీసి 155తో హెచ్చించే పాత లెక్క ఒకటుంది: 34 సెంటీమీటర్లకు 3,410 గ్రాములు. ఇది మొరటు లెక్కే. కానీ 1992లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో ఇదివరకే పిల్లల్ని కన్న తల్లులు తమ కడుపులోని బిడ్డ ఎంత ఉంటుందో చెప్పిన ఊహ స్కానింగుకు ఏమీ తీసిపోలేదు. రెండో కాన్పు తల్లి "పెద్దవాడికంటే ఇది చిన్నగా ఉంది" అంటే నవ్వి కొట్టిపారేయకండి.

అయితే బరువును బట్టి భయపడవలసిందేమీ లేదా? ఉంది. బిడ్డ మరీ పెద్దదైతే తల వచ్చాక భుజం చిక్కుకోవచ్చు, చేతి నరాలు దెబ్బతినవచ్చు. ఈ ప్రమాదం తల్లికి చక్కెర వ్యాధి ఉంటే బాగా ఎక్కువ. 1996లో అమెరికాలో వేసిన లెక్క ప్రకారం, చక్కెర లేని తల్లులలో స్కానింగు నాలుగున్నర కిలోలు దాటిందని అందరికీ ఆపరేషన్ చేస్తే, ఒక్క బిడ్డకు శాశ్వత నరాల దెబ్బ తప్పించడానికి 3,695 ఆపరేషన్లు చేయాలి. చక్కెర ఉన్నవారిలో 443 చాలు. అందుకే అక్కడి ప్రసూతి వైద్యుల సంస్థ, బరువు ఒక్కదాని కోసం ఆపరేషన్ ఆలోచించడానికి చక్కెర లేనివారికి 5,000 గ్రాములు, ఉన్నవారికి 4,500 గ్రాములు అని గీత గీసింది. మన స్త్రీలు అమెరికా వారంత పొడగరులు కారు, కనుక ఆ అంకెల్ని మక్కికి మక్కి దించుకోమని మేము చెప్పడం లేదు. కానీ 3,800 ఎక్కడ, 5,000 ఎక్కడ?

అసలు ప్రశ్న చక్కెర. రియాద్‌లో 2013-15 మధ్య వేల మంది తల్లులపై జరిగిన పెద్ద అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు మందికి గర్భిణీ దశలో చక్కెర కనిపించింది. మన జాతికీ ఆ గుణం ఉంది. దీనికి తోడు ఇక్కడి జీవితం: ఎండకు బయట కాలు పెట్టలేము, రోజంతా ఏసీ గదిలోనే, మూడు పూటలా అన్నం, మధ్యలో ఖర్జూరాలు. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు తాగించి చేసే పరీక్ష తప్పించుకోవద్దు. సాయంత్రం చల్లబడ్డాక కోర్నిష్ వెంటనో, కాకపోతే ఏ మాల్‌లోనో అరగంట నడవండి.

"మన ఊరు వెళితే సుఖంగా కాన్పు అవుతుంది" అనే నమ్మకం కూడా ఒకసారి తరచి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పులలో 60.7 శాతం సిజేరియన్‌లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. వెళ్ళేవారు పుట్టింటి ఆప్యాయత కోసం వెళ్ళండి, అది వేరే సంగతి. చాలా విమానాలు 36 వారాల తరువాత ఎక్కించుకోవు. ఏడో నెలలో తీసిన బరువు చూసి ప్రయాణం నిర్ణయించుకోవడం వృథా, పుట్టే నాటి బరువును అది చెప్పదు.

ఎటు వెళ్ళినా మూడో నెల లోపు తీసిన మొదటి స్కానింగు కాగితం వెంట ఉంచుకోవాలి. నెలలు సరిగా తేలేది దానితోనే. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక రెండో ఆస్పత్రి, మూడో డాక్టరు అయ్యేసరికి ఆ కాగితం అటకెక్కి ఉంటుంది. కొన్ని కాగితాల మీద హిజ్రీ తేదీ ఉండి లెక్క ఇంకా చిక్కుపడుతుంది. రెండు వారాలు తప్పు లెక్కిస్తే మామూలు బిడ్డ పెద్దదిగానో, చిన్నదిగానో కనిపిస్తుంది.

మనవాళ్ళు పెద్ద బిడ్డ గురించి మాట్లాడినంతగా చిన్న బిడ్డ గురించి మాట్లాడరు. మా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త అక్కడే కావాలి. "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని కోడలి చేత అన్నం తగ్గించే ఆచారం మన పల్లెల్లో ఉండేది, ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. దాని వల్ల నష్టమే. స్కానింగు మీద స్కానింగుకు బిడ్డ పెరగక ఆగిపోతే, తల్లికి రక్తపోటు ఉంటే, ఆ బిడ్డను డాక్టర్లు వారం వారం చూడాలి. అప్పుడు ఒక్క అంకె కాదు, వరుసగా తీసిన అంకెలన్నీ కలిసి చెప్పే కథ ముఖ్యం.

డాక్టరు "పెద్ద బిడ్డ" అంటే వాదించనక్కరలేదు. ఈ లెక్కలో ఎంత తేడా ఉండవచ్చు, నా చక్కెర ఎలా ఉంది, పోయినసారి కొలతకూ దీనికీ పెరుగుదల సరిగా ఉందా, నొప్పులు వచ్చేదాకా ఆగితే ఏమవుతుంది అని అడగండి. ఈజిప్టు వారైనా, సూడాన్ వారైనా, మనవారైనా జవాబు చెబుతారు. భాష ఇబ్బందైతే మలయాళీ నర్సమ్మ సాయం పడుతుంది. బిడ్డ కదలికలు మామూలు కంటే తగ్గినట్లు తల్లికి తోస్తే మాత్రం, కాగితంలో బరువు ఎంత ఉన్నా, శుక్రవారమైనా అర్ధరాత్రయినా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి.