సంపుకు మూత పడిందా?

కువైట్‌లో గుంత తవ్వితే చుట్టూ బారికేడ్ కట్టందే మేం పని మొదలు పెట్టనివ్వం. మరి ఊళ్లో మన డబ్బుతో లేస్తున్న ఇంటి సంగతి? క్యూరింగ్ నీళ్ల కోసం అక్కడ ముందుగా కట్టేది సంపు. దానిమీద ఓ రేకుముక్కో, ప్లైవుడ్ చెక్కో. పిల్లాడు కాలు పెడితే ఒరిగిపోతుంది. శుక్రవారం ఫోన్‌లో స్లాబు ఎప్పుడని అడుగుతాం కదా, మూత సంగతీ అడుగుదాం. ఇనుప మూత, దానికి తాళం. మేస్త్రీ 'రేపు' అంటే ఆ వారం డబ్బులు ఆపేద్దాం! ఏడాది పిల్లలకైతే బకెట్‌లో జానెడు నీళ్లూ ప్రమాదమే. మునిగేవాళ్లు సినిమాల్లోలా కేకలు వేయరు, చప్పుడే ఉండదు. బయటికి తీశాక గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీ నొక్కుతూ ఉండాలి. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.