శాంతకుమారి

శాంతకుమారి (మే 17, 1920 - జనవరి 16, 2006) తొలితరం తెలుగు సినిమా నటి, గాయని. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. కడప జిల్లా ప్రొద్దుటూరులో జన్మించింది. దర్శకుడు పి.పుల్లయ్య ఈమె భర్త. తల్లి పాత్రల ద్వారానే ఎక్కువమందికి పరిచయమైనా, ఈమె తెరపైకి వచ్చింది కథానాయికగా.

సంగీతము, సినీరంగ ప్రవేశము

ఈమె తండ్రి నటుడు, తల్లి శాస్త్రీయ సంగీతం తెలిసిన గాయని. పెన్నా తీరాన ఉన్న ప్రొద్దుటూరు ఆనాడు మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక పై చదువుకైనా, సంగీతానికైనా మద్రాసే దిక్కు. అక్కడ ఆచార్య పి.సాంబమూర్తి వద్ద ఈమె కర్ణాటక సంగీతము, వయొలిన్ నేర్చుకొన్నది. 1936లో పి.వి.దాస్ దర్శకత్వం వహించిన "శశిరేఖా పరిణయం"లో శశిరేఖగా నటించింది. అప్పటికి తెలుగు చిత్రాలలో నేపథ్యగానం లేదు. ఎవరి పాట వారే పాడుకోవాలి. రూపం కంటే ముందు కంఠాన్ని చూసే రోజులవి. మరుసటి ఏడాది "సారంగధర" చిత్రానికి దర్శకుడైన పుల్లయ్యతో వివాహమైనది.

పద్మావతి నుండి వకుళ వరకు

పుల్లయ్య 1939లో తీసిన "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం" (బాలాజీ) చిత్రంలో సి.ఎస్.ఆర్.ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. ఇదే కథను ఆయన 1960లో మళ్ళీ తీసినప్పుడు పద్మావతిగా సావిత్రి, వేంకటేశ్వరునిగా ఎన్.టి.రామారావు నటించారు. శాంతకుమారి వకుళమాత అయింది. కృష్ణుని కల్యాణం చూడలేకపోయిన యశోదే ఆ కోరిక తీరడానికి వకుళగా పుట్టిందని పురాణగాథ. ఒకనాటి పెళ్ళికూతురు ఈసారి పెళ్ళి జరిపించే తల్లి. రామారావు ఈమె కంటే మూడేళ్ళే చిన్న! నేపథ్యగానం స్థిరపడిన తరువాత కూడా ఆ చిత్రంలో తన పాట తానే పాడటం గమనించదగినది.

అక్కినేని నాగేశ్వరరావు విషయంలోనూ ఇంతే. "మాయాలోకం" (1945)లో ఆయన సరసన నటించిన ఈమె, "అర్ధాంగి" (1955)లో సవతితల్లి, "జయభేరి" (1959)లో వదిన, "ప్రేమనగర్" (1971)లో తల్లి. కథానాయకులు నాయకులుగానే ఉండిపోగా నాయికలు ముందుగా పెద్దవారు కావడం మన సినిమా పద్ధతి. వీటిలో "అర్ధాంగి" పాత్ర ప్రత్యేకంగా చూడదగినది. సాత్వికమైన తల్లిగా అలవాటైన ముఖంలో అక్కడ కాఠిన్యం కనిపిస్తుంది.

భార్యాభర్తలిద్దరికీ రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. శాంతకుమారి 2006 జనవరి 16న చెన్నైలో మరణించింది.